టిష్యూ కల్చర్ బత్తాయికి తెగుళ్లు రావన్న మాటలో నిజమెంత?

బత్తాయి, నిమ్మ రైతుల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. టిష్యూ కల్చర్ మొక్క, అంటే చిన్న కణజాలపు ముక్క నుంచి పెంచిన మొక్క, ల్యాబ్‌లో పుడుతుంది కాబట్టి దానికి ట్రిస్టెజా అనే వైరస్ తెగులు, గ్రీనింగ్, గజ్జి అనే బ్యాక్టీరియా తెగుళ్లు ఏవీ సోకవట. అంట్ల కాలం చెల్లిపోయిందట. మందుల ఖర్చే ఉండదట. అరటిలో టిష్యూ మొక్కలు బాగా నడిచాయి కాబట్టి వినగానే నమ్మాలనిపిస్తుంది. ఆ అరటికి కూడా పనామా తెగులు వస్తూనే ఉందన్న సంగతి మాత్రం మెసేజ్‌లో లేదు.

"ఏ తెగులూ సోకదు". ల్యాబ్ నుంచి వచ్చిన మొక్కలో వైరస్ లేకపోవచ్చు. తోటలో నాటాక ఆ భరోసా ఉండదు. గ్రీనింగ్‌ను సిల్లా పురుగు, ట్రిస్టెజాను పేనుబంక మోసుకొస్తాయి. మొక్క ఎక్కడ పుట్టిందో వాటికి అనవసరం. అమెరికాలోని ఫ్లోరిడాలో 2003-04లో సుమారు 24 కోట్ల పెట్టెల నారింజ పండింది. 2005లో అక్కడ గ్రీనింగ్ బయటపడింది. నర్సరీ మొక్కలను పురుగు చొరబడని షెడ్లలోనే పెంచాలని రూలు పెట్టారు. అయినా 2022-23 నాటికి పంట 2 కోట్ల పెట్టెలకు లోపే పడిపోయింది. తుపానులూ దెబ్బకొట్టాయి గానీ అసలు కారణం గ్రీనింగే.

"అంట్ల కాలం చెల్లింది". ఇది మరీ విడ్డూరం. నిమ్మజాతిలో వైరస్ వదిలించడానికి ల్యాబులో చేసేదే అంటు కట్టడం! చిగురు కొసలో 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల ముక్క కోసి, సీసాలో చీకట్లో పెంచిన మొలకకు అతికిస్తారు. ఆ కొసలోకి వైరస్ చాలావరకు చేరదు. నవారో, రోయిస్టాచర్, మురషిగే 1975లో ఈ పద్ధతిని స్థిరపరిచారు. మన నాగపూర్‌లోని నిమ్మజాతి పరిశోధన సంస్థలోనూ ఇది చేస్తున్నారు. అలా తయారైన తల్లిచెట్టు కొమ్మల మీది మొగ్గలతో (వీటినే కళ్లంటారు) మళ్లీ మామూలు అంట్లే కడతారు. రైతు చేతికొచ్చేది అంటుమొక్కే.

తెగులును తట్టుకునే శక్తి ఎక్కువగా వేరుమూలంలో, అంటే అంటు కట్టడానికి కింద వాడే వేర్ల మొక్కలో ఉంటుంది. స్పెయిన్‌లో పుల్లనారింజ వేరుమూలం మీదున్న చెట్లు ట్రిస్టెజాకు కోట్లలో చచ్చిపోయాయి. మొక్కల్లోంచి వైరస్‌ను వదిలించడంతో పాటు వేరుమూలాన్నీ మార్చాకే అక్కడి తోటలు నిలబడ్డాయి. మన దగ్గర చీనీకి (బత్తాయికి) జంబేరి వేరుమూలం బదులు రంగపూర్ నిమ్మ వాడమనడం కూడా ఇలాంటి లెక్కే. బ్రెజిల్ వాళ్లయితే పేరా అనే నారింజ రకానికి బలహీనమైన ట్రిస్టెజా వైరస్‌ను కావాలనే ఎక్కించి, తీవ్రమైన రకం నుంచి కాపాడుకున్నారు. వైరస్ లేని మొక్కే ఎప్పుడూ గొప్పదనుకునేవాళ్లు దీనికేమంటారో!

ల్యాబ్‌లో నిరోధకత కోసం ప్రయత్నాలు లేవని కాదు. రెండు జాతుల కణాలను కలిపి కొత్త వేరుమూలాలు తయారు చేస్తున్నారు. కొన్నిచోట్ల శిలీంధ్రపు విషాన్ని తట్టుకున్న కణాలను ఏరి మొక్కలుగా పెంచారు. వాటిని పొలంలో ఏళ్ల తరబడి పరీక్షించాలి. నర్సరీలో టిష్యూ అని చీటీ కట్టి అమ్మే మొక్క అదే కానక్కర్లేదు.

"మందుల ఖర్చుండదు". గజ్జి వాన చినుకులతో చిమ్ముతుంది, ఆకు తొలిచే పురుగు చేసిన గాయాల్లోంచి లోపలికి పోతుంది. బంక తెగులు నేలలోంచి వస్తుంది, చెట్టు మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే మరీనూ. మొక్క కొనేటప్పుడు అది ఏ వేరుమూలం మీద కట్టిందో, తల్లిచెట్టుకు వైరస్ పరీక్ష చేశారో లేదో, నెట్ కింద పెంచిందో కాదో అడగండి. జవాబు రాకపోతే ఎక్కువ ధర పెట్టొద్దు.