కుట్ల నొప్పి ఓర్చుకుంటే బిడ్డకు మేలా? కాదు

"ఆపరేషన్ కాన్పయిన బాలింత నొప్పి మాత్ర వేసుకోకూడదు, పాలల్లో దిగి బిడ్డకు చేటు. పాలు ఎట్లాగూ మూడోనాడే పడతాయి, అందాకా డబ్బాపాలు పట్టండి. లేచి తిరిగితే కుట్లు ఊడతాయి, నీళ్ళు తాగితే చీము పడుతుంది." తిరుపతి నుంచి మదనపల్లె దాకా బాలింతల ఫోన్లలో తిరుగుతున్న సందేశమిది.

ముందు మాత్ర సంగతి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ పాలిచ్చే తల్లులకు డాక్టర్లు మొదట రాసే మందులే. తల్లి వేసుకున్న ఐబుప్రొఫెన్‌లో పాల ద్వారా బిడ్డకు చేరేది, బరువు లెక్కన చూస్తే నూటికి ఒక వంతు కూడా ఉండదు. భయపడాల్సింది నల్లమందు జాతి నొప్పి మందులైన కోడీన్, ట్రమడాల్‌ గురించి. కొందరి ఒంట్లో అవి వేగంగా ఘాటైన మందుగా మారతాయి, బిడ్డ మత్తులో పడి ఊపిరి మందగించవచ్చు. పాలిచ్చే తల్లులకు అవి వద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. సందేశం రాసినవాళ్ళు అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు.

అసలు పొరపాటు వేళ దగ్గర జరుగుతుంది. నొప్పి భరించలేనంత అయ్యాక మాత్ర వెతుక్కుంటారు. వెన్నుకిచ్చిన మత్తు కొన్ని గంటల్లోనే దిగిపోతుంది, అందుకే గడియారం చూసి వేసుకోవాలి. మామూలుగా రాసేది పారాసిటమాల్ 650 మి.గ్రా. ఆరు గంటలకోసారి, ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. తిన్నాక ఎనిమిది గంటలకోసారి. బీపీ, కిడ్నీ జబ్బు, ఉబ్బసం, కడుపులో పుండు ఉంటే ఐబుప్రొఫెన్ డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు. చీటీలో ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన బిళ్ళ ఉన్నప్పుడు దానిమీద డోలో 650 (అదీ పారాసిటమాలే) కూడా వేస్తే ఒకే మందు రెండుసార్లు పడ్డట్టే.

ఓర్చుకుంటే బిడ్డకు మేలన్నది తలకిందుల మాట. పాలు ఊరడం వేరు, చేపడం (ఊరిన పాలు బయటికి దిగడం) వేరు. చేపాలంటే ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదల కావాలి. నొప్పి, భయం దాన్ని అణిచేస్తాయి. బెదిరిన ఆవు చేపదని పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. ఆ ఆక్సిటోసినే గర్భసంచినీ ముడుస్తుంది కాబట్టి బిడ్డ రొమ్ము పట్టగానే పొత్తికడుపు మెలిపెడుతుంది. తల్లి ఒళ్ళు బిగబట్టి బిడ్డను తీసేస్తుంది. తాగేది తగ్గేకొద్దీ ఊరేదీ తగ్గుతుంది. మాత్ర వేళ పాలివ్వడానికి అరగంట ముందు పడేట్టు చూసుకోండి. బిడ్డను పొట్టమీద అడ్డంగా పెట్టకుండా చంక కింద, కాళ్ళు మీ వీపు వైపు పోయేట్టు పట్టుకోండి. చేతికింద దిండు పెడితే బరువు కుట్లమీద పడదు.

పాలు నిండుగా పడేది రెండు మూడు రోజులకే, ఆపరేషనైతే ఇంకాస్త ఆలస్యం. అంతవరకూ నిజం. అయితే తొలిరోజు బిడ్డకు ఒక్కో తడవకు కావాల్సింది చెంచాడు ముర్రుపాలే. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టించాలి, నోరు పట్టకపోతే చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పోయాలి. బిడ్డ బరువు పదో వంతుకు మించి తగ్గినా, రక్తంలో చక్కెర పడిపోయినా పోతపాలు అవసరమా అన్నది డాక్టరు చెబుతారు.

నడిస్తే కుట్లు ఊడవు. కదలకపోతేనే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు. కాళ్ళకు పట్టు వచ్చాక, నర్సు పక్కనుండగా, ముందు ఒత్తిగిలి, మోకాళ్ళు మడిచి, కాళ్ళు కిందికి దించి, మోచేతి ఊతంతో లేవాలి. దగ్గొస్తే దిండును కుట్లకు అదిమి పట్టుకోవాలి. ఇక చీముకు కారణం క్రిములు, నీళ్ళు కాదు. నీళ్ళు తగ్గితే మలబద్ధకం వస్తుంది, ముక్కినప్పుడల్లా కుట్లు లాగుతాయి.

ఓర్చుకోకూడని నొప్పి వేరే ఉంది. రోజురోజుకూ తగ్గాల్సింది పెరుగుతుంటే, జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, కుట్లు ఎర్రబడి కారితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెడుతున్నా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.