లింగం మారిస్తే పుట్టుక రికార్డు చెరిగిపోతుందా?

వాట్సాప్‌లో ఒక సందేశం చేతులు మారుతూనే ఉంది. బర్త్ సర్టిఫికెట్‌లో లింగం మార్చడం ఈమధ్య పుట్టిన పిచ్చి అట. ఆడో మగో పుట్టగానే తెలిసిపోయేదానికి చట్టం ఎందుకట. ఎవరు అడిగినా వెంటనే మార్చి ఇచ్చేస్తున్నారట. అన్నిటికంటే పెద్ద మాట: మార్చగానే అసలు రికార్డు చెరిగిపోయి, నేరస్థులు తప్పించుకుంటారట.

ఈ పిచ్చి ఈమధ్యది కాదు. స్వీడన్ 1972లోనే ఇందుకు చట్టం చేసింది. ఇంకా వెనక్కి వెళితే, 1794 నాటి ప్రష్యా (ఇప్పటి జర్మనీ ప్రాంతంలోని పాత రాజ్యం) చట్టసంహితలో ఆడో మగో తేల్చలేని బిడ్డల ప్రస్తావనే ఉంది: ఎలా పెంచాలో తల్లిదండ్రులు నిర్ణయించాలి, పద్దెనిమిదేళ్లు నిండాక ఆ వ్యక్తే ఎంచుకోవచ్చు. అంటే పుట్టగానే అందరి విషయమూ తెలిసిపోదని ఆనాటి చట్టం రాసినవాళ్లకే తెలుసు. అలాంటి పిల్లల కోసమే జర్మనీ 2013లో పుట్టుక రికార్డులో లింగం గడి ఖాళీగా వదలడానికి ఒప్పుకుంది, 2018లో మూడో ఎంపికా ఇచ్చింది.

ఇక వెంటనే ఇచ్చేయడం. అర్జెంటీనా 2012 చట్టం డాక్టరు కాగితమూ కోర్టు తీర్పూ అడగదు, నిజమే. కానీ బ్రిటన్‌లో సాధారణంగా వైద్య నిర్ధారణ, రెండేళ్లు ఆ జెండర్‌లోనే బతికినట్టు రుజువులు, ఆపైన ప్యానెల్ ఆమోదం కావాలి. స్వీడన్ 2013 దాకా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోమంది. తర్వాత తప్పు గ్రహించి పరిహారం చెల్లించింది. కాగితం మీద ఒక్క మాట కోసం మనిషి శరీరాన్ని కోయించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. హంగరీ అయితే 2020లో దారే మూసేసింది.

అసలు రికార్డు సంగతి. బ్రిటన్ 2004 చట్టం ప్రకారం పుట్టినప్పటి ఎంట్రీ రిజిస్టర్‌లో అలాగే ఉంటుంది. వేరే రిజిస్టర్‌లో కొత్త ఎంట్రీ రాస్తారు, కొత్త సర్టిఫికెట్ దాన్నుంచి వస్తుంది. రెండింటినీ కలిపే లంకె మాత్రం బయటివాళ్లకు కనిపించదు. ఉద్యోగరీత్యా తెలిసిన ఆ సంగతిని బయటపెడితే నేరం. అయితే నేరాన్ని ఆపడానికి, దర్యాప్తు చేయడానికి వెల్లడించవచ్చని అదే చట్టంలో మినహాయింపు ఉంది. ఇక నేరస్థుడు దాక్కునేది ఎక్కడ?

ఈ చట్టానికి ముందు దాక్కోవలసి వచ్చినవాళ్లు వేరే. క్రిస్టీన్ గుడ్విన్ అనే బ్రిటిష్ ట్రాన్స్ మహిళ యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లింది. బర్త్ సర్టిఫికెట్ చూపించాల్సి వస్తుందని కొన్ని ప్రయోజనాలే వదులుకున్నానంది. మగవాళ్లకు వేసే ఎక్కువ మోటారు బీమా ప్రీమియమే కడుతూ వచ్చింది. 200 పౌండ్లు దొంగతనానికి గురైతే పోలీసుల దగ్గరికి కూడా పోలేదు. దర్యాప్తులో తానెవరో చెప్పుకోవలసి వస్తుందని భయం. 2002లో కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. రెండేళ్లకు బ్రిటన్ చట్టం చేసింది.