సెల్లార్ తవ్వాలా, డబ్బా కట్టాలా?

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇల్లు లేవబోతోంది. 200 సీసాలు పట్టే వైన్ గది కావాలని యజమాని కోరిక. ఇల్లు కట్టేది బావ. గది చల్లబరిచేది బావమరిది, మిర్చి కోల్డ్ స్టోరేజీలకి ప్యానెళ్లూ మిషన్లూ బిగించే మనిషి. ప్లాను మీద ఇంకా పెన్సిల్ గీతలే.

బావ: తొమ్మిదడుగులు తవ్వి సెల్లార్ చేద్దాం. భూమిలో చల్లగా ఉంటది, ఒక టన్ను స్ప్లిట్ ఏసీ పెడితే అయిపోద్ది. ఫ్రాన్సులో వాళ్లు తవ్వే కదా దాచుకుంటారు.

బావమరిది: మన ఊళ్లో సెల్లార్ అంటే బండ్లు పెట్టుకునేది బావా. లోతుకి పోయేకొద్దీ మట్టి వేడి ఆ ఊరి ఏడాది సగటు దగ్గర ఆగుతుంది. షాంపేన్ ప్రాంతంలో సుద్దరాతి నేలమాళిగలు 10, 12 డిగ్రీల్లో ఉంటాయి. మన సగటే 28కి అటూ ఇటూ. వైన్‌కి కావాల్సింది 13. తవ్వినా ఇంకో 15 డిగ్రీలు మిషనే దించాలి. పైగా మన నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. ఆ గోడకి వాటర్‌ప్రూఫింగ్ ఎన్నాళ్లు నిలుస్తుందో నీకే బాగా తెలుసు.

బావ: సరే, తవ్వొద్దు. మెట్ల పక్కన ఎనిమిది బై ఆరు గది, తొమ్మిదంగుళాల గోడ, అదే ఏసీ, ముందు 12 ఎంఎం గ్లాసు తలుపు. హాల్లోంచి కనపడాలన్నాడాయన. కనపడని సీసాలకి ఇంత ఖర్చెందుకు?

బావమరిది: ఆ గ్లాసు దగ్గరే మొదలెడదాం. గది ఎత్తు ఎనిమిదడుగులు. ఏప్రిల్ మధ్యాహ్నం హాల్లో 38, లోపల 13, తేడా 25. చుట్టూ, పైనా, కిందా 100 ఎంఎం పఫ్, అంటే రేకుల మధ్య నురగ నింపిన ప్యానెల్, వేస్తే అంతట్లోంచి దూరే వేడి 150 వాట్లు. నీ తలుపు రెండు చదరపు మీటర్లు. అదొక్కటే 280 తెస్తుంది. గదంతా ఒకెత్తు, తలుపు దాదాపు రెండెత్తులు. డబుల్ గ్లాసు పెట్టినా 140. ఉత్త ఇటుక గోడలు వదిలేస్తే లెక్క 1300 దాటుతుంది.

ఇక ఏసీ. పఫ్ గదికి తలుపు తియ్యడాలూ లైట్లూ కలిపినా 500 వాట్లు చాలు, టన్ను ఏసీ ఇచ్చేది 3500. రిమోట్ 16 దగ్గర ఆగుతుంది. సెన్సార్‌ని మోసం చేసి ఇంకా దించితే కాయిల్ మీద ఐసు కడుతుంది, గాలిలో తేమంతా పిండేస్తుంది. తేమ 50 శాతం కిందికి పడితే బిరడా ఎండి కుంచించుకుపోతుంది, సందులోంచి గాలి దూరుతుంది. గోడలో దూర్చే చిన్న మిషన్లున్నాయి, అవి వేడంతా హాల్లోకే ఊదుతాయి, హాల్లో ఏసీ ఆపిన పూట చతికిలబడతాయి. అవుట్‌డోర్ యూనిట్ విడిగా ఉండేదే తీసుకోవాలి, అదీ 43 డిగ్రీల్లో 600 వాట్లు ఇచ్చేది. కేటలాగులో అంకె ఏ వేడి దగ్గరిదో చూడాలి.

అసలు చేటు ఎండాకాలంలో కాదు, గాలి నిండా తేముండే ఆగస్టులో. ఐసులోంచి తీసిన గోలీసోడా మీద చెమట చూశావుగా, మన గది మొత్తం ఆ సీసానే. అందుకే తేమని ఆపే 150 మైక్రాన్ల పాలిథిన్ వేడి వైపు, అంటే బయటి వైపు పడాలి. ఇంటీరియర్ వాళ్లు లోపల పరుస్తారు. తేమ ఇటుకలోంచి వచ్చి థర్మాకోల్‌లో నీరై కూర్చుంటుంది, ప్లాస్టర్ పొక్కుతుంది, ర్యాకుల వెనక బూజు. పఫ్ ప్యానెల్‌కి బయటి రేకే ఆ అడ్డు, జాయింట్లకి సీలెంట్ ఎక్కడా తెగకపోతే. ఒక్క వైరు బొక్క వదిలినా అక్కడ నీరు. ర్యాకులకి గోడలో స్క్రూలు కొట్టనివ్వకు, నేల మీద నిలబెట్టించు. నేలకి పాలిథిన్, దానిపై 75 ఎంఎం ఎక్స్‌పీఎస్ (గట్టి నురగ పలక), బెడ్, ఆపైన టైలు.

బావ: బాగానే చెప్పావు. నా లెక్క కూడా విను. సీసా లావు 75 ఎంఎం, అర 100 ఎంఎం. ఎనిమిదడుగుల గోడకి 24 నిలువులు, తొమ్మిది వరసలకి 216. నడుం ఎత్తుకే నీ 200 అయిపోయినయ్. మిగతా గోడలు ఎవరికోసం చల్లబరుస్తున్నావురా? ఇంట్లో ఎన్ని ఉంచుకోవచ్చో ఎక్సైజ్ వాళ్ల పరిమితి ఉంది. 200 అరల్లో 20 సీసాలు పెట్టుకుని ఏం చూపిస్తాడు? వాటిలోనూ మరమూతవి ఉంటయ్, వాటికి బిరడానే లేదు, నీ తేమ ఎవరికి? ఎక్కువభాగం కొన్న ఏడాది రెండేళ్లలో తాగేసేవే. ఒక వైన్ ఫ్రిజ్ కొని ప్లగ్గు పెట్టుకోమను.

(ఈ దెబ్బ గట్టిగానే తగిలింది.)

బావమరిది: గది పెద్దదైంది, ఒప్పుకుంటున్నా. 20 సీసాలకైతే ఫ్రిజ్జే. కొనేముందు స్టిక్కరు మీద క్లైమేట్ క్లాస్ చూడమను. ఎన్ అంటే చుట్టూ 32 డిగ్రీల వరకే, టీ అంటే 43. మనకి టీ. ఖాళీ గదికి ఇంకో చేటుంది. 200 సీసాలుంటే కరెంటు పోయాక ఒక డిగ్రీ పెరగడానికి గంట, డబుల్ గ్లాసు తలుపైతే 40 నిమిషాలు. 20 సీసాలే ఉంటే పావుగంట కూడా ఆగదు. ఖాళీ సీసాల్లో నీళ్లు నింపి పేర్చాలి.

బావ: నీళ్లెందుకు, ఆవకాయ జాడీలు పెడతారు. వాళ్ల అమ్మగారు అప్పుడే అడిగారు.

బావమరిది: వద్దు. వెల్లుల్లి, ఇంగువ ఘాటు గదిలో నిలిస్తే ఏళ్ల తరబడి బిరడాలకి పడుతుందంటారు.

బావ: మరి నీ కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) రంగు పోకుండా ఉంటయ్‌గా. ఆవకాయకేం రోగం?

బావమరిది: 13లోంచి తెచ్చిన జాడీ వంటింట్లో మూత తీస్తే ముక్క మీదే చెమట దిగుతుంది. తడి గరిటె పెడితేనే మా అమ్మ నిన్నేమంటుందో మర్చిపోయావా?

బావ: మీ అమ్మ ఈమధ్య ఫ్రిజ్‌లోనే పెడుతోంది.

బావమరిది: అది మాగాయ.

బావ: రెండూ పెడుతోందిరా, చూశాను. సరే, గదికి రా.

బావమరిది: గది వద్దు, ప్యానెల్ అల్మరా. పొడవు ఎనిమిదడుగులు, లోతు 27 అంగుళాలు. సీసాకి 13, గాలి తిరగడానికి 6, ముందూ వెనకా ప్యానెళ్లకి 8. తలుపులు ప్యానెల్‌వే, నాలుగు వైపులా మ్యాగ్నెట్ గాస్కెట్. చూపించుకోడానికి ఒకదాంట్లో అడుగున్నర డబుల్ గ్లాసు కిటికీ. ఎన్ని అరలో ఎక్సైజ్ ఆఫీసులో కనుక్కుని ఆయనే చెప్పాలి. ఆ తర్వాతే చెక్క కోస్తాం.

బావ: అయితే మెట్ల పక్కన అదే గోడకి పెట్టేద్దాం.

బావమరిది: ఆ గోడకి అవతల సంపు మోటారు గీశావు. తిరిగినప్పుడల్లా గోడ అదురుతుంది, సీసా అడుగున మడ్డి లేస్తుంది.

బావ: మోటారు జరిపితే పైపులైనంతా మళ్లీ గీయాలి.

బావమరిది: పెన్సిలేగా.