కాదనడం చేతకాని ఎక్స్‌టెన్షన్ బాక్సు గారికి

అయ్యా,

ఒంగోలు నుంచి మీ యజమాని రాయునది. మేమంతా క్షేమం. మీరు క్షేమంగా లేరని వాసనే చెబుతోంది.

మీకున్నవి నాలుగు కన్నాలు, ఒక తోక. తోక చివర 6 ఆంపియర్ల ప్లగ్గు. ఈ మాత్రానికి ఎవరొచ్చినా రండి రండి అంటారు. మొన్న ఆదివారం మా ఆవిడ ఇస్త్రీపెట్టె గుచ్చింది, సరేనన్నారు. మా అత్తయ్య కాఫీకని కెటిల్ గుచ్చారు, దానికీ సరేనన్నారు. మొహమాటం మనిషికుండాలి గానీ ప్లాస్టిక్ డబ్బాకెందుకండీ?

పదో తరగతి చదివే మా అమ్మాయి లెక్క వేసింది. మీ కన్నాలన్నీ సమాంతర సంధానమట. ఏది గుచ్చినా దానికి 230 వోల్టులూ పూర్తిగా అందుతాయి, పక్కదానితో పంచుకునే పని లేదు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె నిరోధం, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, సుమారు 53 ఓములు. 230ని 53తో భాగిస్తే 4.3 ఆంపియర్లు. 1500 వాట్ల కెటిల్‌ది 35 ఓములు, అంటే 6.5 ఆంపియర్లు. రెండూ కలిపి దాదాపు 11.

"ఇంకోటి తగిలిస్తే నిరోధం పెరగాలి కదమ్మా?" అన్నాను.

"ఏంది నాన్నా, 53ని 35తో గుణించి, రెండూ కలిపిన 88తో భాగించు."

21 వచ్చింది. ఉన్నవాటిలో చిన్నదానికంటే చిన్నది! నా మొహం చూసి జాలిపడి, "టంగుటూరు టోల్‌గేటులో ఇంకో లైను తెరిస్తే బండ్లు ఆగుతాయా, ఎక్కువ పోతాయా?" అంది. ఎక్కువే పోతాయి. పోయేవన్నీ మీ సన్నటి తోకలోనే దూరుతున్నాయని ఎవరూ చెప్పనక్కర్లేదు, ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. వేడి కరెంటు వర్గాన్నిబట్టి పెరుగుతుందట, అంటే కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. 6 మోసే తోక 11 మోస్తే వేడి మూడింతలు దాటుతుంది.

మరి ఫ్యూజు ఏం చేస్తోంది అంటారా? పోయినసారి అది పోయినప్పుడు రెండు పేటలు రాగి తీగ చుట్టింది నేనే, ఇక అది 11కి తెగమన్నా తెగదు. ఈ సంగతి మన మధ్యే ఉండనివ్వండి.

ఇస్త్రీపెట్టె గుచ్చిన కన్నం చుట్టూ ఇప్పుడు గోధుమరంగు మచ్చ పడింది, వేడి గిన్నె దించిన చాపలాగా. అత్తయ్య దాన్ని మురికనుకుని కొబ్బరిపీచుతో తోమారు.

ఇట్లు,
మీ యజమాని

తా.క.: ఈ లేఖ టైపు చేస్తున్న లాప్‌టాప్ మీ నాలుగో కన్నంలోనే ఉంది. అర ఆంపియర్ కూడా ఉండదులెండి, సర్దుకోండి.