మాండరిన్ అన్న పేరులో ఉన్నది మన మంత్రి

చైనా ప్రామాణిక భాషను మనం మాండరిన్ అంటున్నాము. ఈ పేరు ఎక్కడిదన్న మాట వచ్చినప్పుడల్లా, చైనాను ఏలిన మంచూ జాతి అధికారులను 'మాన్ దారెన్', అంటే మంచూ దొర, అని పిలిచేవారనీ, అదే పరదేశీయుల నోట మాండరిన్ అయిందనీ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. చెవికి ఇంపుగా ఉన్నా ఈ కథ నిజం కాదు. దీన్ని నమ్మినంతకాలం ఆ పేరులో ఉన్న మన ఇంటి మాటను మనమే గుర్తుపట్టలేము. నా బాధంతా అదే.

తేదీలు చూస్తే విషయం తేలిపోతుంది. ఆ జాతి పాలకుడు హోంగ్ తైజీ తన ప్రజలకు మంచూ అన్న పేరును ఖాయం చేసింది 1635లో, వారి సేనలు బీజింగ్‌లో అడుగుపెట్టింది 1644లో. పోర్చుగీసువారు మలయ్ రేవు మలక్కాను గెలుచుకున్నది అంతకు శతాబ్దానికి పైగా ముందే, 1511లో. రాజోద్యోగిని అక్కడి మలయ్ భాషలో 'మెంతెరి' అనేవారు. పోర్చుగీసువారు ఆ మాటను అందుకుని, ఆజ్ఞాపించడమనే అర్థమున్న తమ 'మందార్' క్రియ పోలికలోకి తెచ్చుకుని, చైనా అధికారులకు వాడారు. మలయ్ వారికి ఆ మెంతెరి సంస్కృతంలోని 'మంత్రి' నుంచి వచ్చింది. మలేషియాలో ప్రధానమంత్రిని నేటికీ 'పెర్దానా మెంతెరి' అనే పిలుస్తారు. అలాగని ఘనతంతా మనదేనని చెప్పుకోవడం కూడా నాకు నచ్చదు, ఎందుకంటే ఆ మాటను చైనా తీరం దాకా మోసుకెళ్లినది మలయ్ రేవు, పోర్చుగీసు ఓడలు.

మరి అధికారి పేరు భాషకు ఎందుకు అంటుకుంది? చైనీయులే తమ పాలనా భాషను 'గువాన్‌హువా' అనేవారు. గువాన్ అంటే అధికారి, హువా అంటే మాట. గువాన్ అన్న అక్షరం రాస్తే పైన ఇంటికప్పులాంటి గీత ఒకటి ఉంటుంది, ఆ కప్పు కింద కొలువు. మింగ్, చింగ్ రాజవంశాల పాలనల్లో ఏ అధికారినీ సొంత రాష్ట్రంలో నియమించకూడదన్న నియమం ఉండేది. కాబట్టి ఊరుకాని ఊరికి వెళ్లిన అధికారికి తోటి అధికారులతో మాట్లాడుకోవడానికి ఒక ఉమ్మడి భాష తప్పనిసరి అయింది. గువాంగ్‌దోంగ్, ఫూజియాన్ ప్రాంతాల అధికారుల మాట తనకు అర్థం కావడం లేదని యోంగ్‌జెంగ్ చక్రవర్తి 1728లో ఆజ్ఞాపత్రమే జారీ చేయవలసి వచ్చింది. 1610లో బీజింగ్‌లో కన్నుమూసిన మతగురువు మత్తేయో రిచ్చీ వంటి జెసూయిట్ క్రైస్తవ ప్రచారకులు నేర్చుకున్నది కూడా ఈ గువాన్‌హువానే.

సామ్రాజ్యం పోయాక ఆ పేరు నిలవలేదు. గణతంత్ర చైనా 'గువోయు', అంటే దేశభాష, అన్నది. తైవాన్‌లో ఇప్పటికీ అదే పేరు. సింగపూర్, మలేషియాల్లోని చైనీయులు 'హువాయు' అంటారు. బీజింగ్ ప్రభుత్వం 1956లో బీజింగ్ ఉచ్చారణను ప్రమాణంగా, ఉత్తరాది మాండలికాలను పునాదిగా తీసుకుని 'పుతోంగ్‌హువా'ను దేశమంతటా ప్రచారం చేయాలని ఆదేశించింది. పుతోంగ్‌హువా అంటే అందరికీ చెందిన మామూలు మాట. కొలువుకు చెందిన మాట అన్న పాత అర్థానికి ఇది పూర్తిగా ఎదురు, అందుకే నాకు ఈ పేరంటేనే ఎక్కువ గౌరవం.

భాషావేత్తలు గువాన్‌హువా అన్న పేరును ఇప్పటికీ వాడతారు, కాని వారి లెక్కలో అది ఈశాన్యం నుంచి యునాన్ దాకా పరుచుకున్న మాండలికాల కుటుంబం మొత్తానికి పేరు. చెంగ్‌దూ బజారులో కూరగాయల బేరంలో వినబడే సిచువాన్ యాస కూడా ఆ లెక్కన మాండరినే, అయితే అక్కడి బడిలో పంతులు చెప్పే పాఠం పుతోంగ్‌హువా. రెండింటినీ ఒకే పేరుతో రాస్తే చదివేవారికి తేడా ఎలా తెలుస్తుంది? ప్రామాణిక భాష గురించి రాసేటప్పుడైనా మన పత్రికలు పుతోంగ్‌హువా అని రాయాలని నా విన్నపం.