చెప్పిన మాట ఎక్కడికి పోయింది?

మొన్న ఆదివారం పొద్దున్నే అమెరికా నుంచి మా వదిన ఫోను చేసింది. అన్నయ్య కొడుకు వచ్చే ఏడాది కాలేజీలకు దరఖాస్తు చేసుకోవాలట. మంచి మార్కులు వస్తున్నాయి, ఈత పోటీల్లో బహుమతులు ఉన్నాయి, సమాజసేవ ఒక్కటే లోటుగా కనిపిస్తోందని బడిలో చెప్పారట. "సెలవుల్లో రెండు వారాలు పంపిస్తాను. నువ్వు పనిచేసిన సంస్థలో ఇంటర్న్‌షిప్ ఇప్పించు. చివర్లో ఒక సర్టిఫికెట్ ఇస్తే చాలు" అంది.

నేను వద్దన్నాను. వదిన నొచ్చుకుంది. ఎందుకు వద్దన్నానో ఫోనులో సరిగా చెప్పలేకపోయాను. అది వదిన ఒక్కదానికి చెప్పాల్సిన మాట కూడా కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అనంతపురం జిల్లాలో ఒక గ్రామాభివృద్ధి సంస్థలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. పొదుపు సంఘాల లెక్కలు చూడడం, నీటి కుంటల పనులు చూడడం, దివ్యాంగులైన పిల్లల ఇళ్ళకు వెళ్ళి రావడం నా ఉద్యోగం. ఇంగ్లీషు వచ్చు కాబట్టి స్పెయిన్, జర్మనీ, ఇంగ్లండ్, అమెరికాల నుంచి వచ్చే ఇంటర్న్‌లకు దుబాసీ పని కూడా నా మీదే పడింది. కొందరు రెండు వారాలకు వచ్చేవారు, కొందరు రెండు నెలలకు. ఒకరిద్దరు ఏడాది ఉన్నారు. వాళ్ళలో చెడ్డ పిల్లలు ఎవరూ లేరు, ఆ మాట ముందే చెప్పాలి. ఎండలో మాతో సమానంగా నడిచారు. రాగి సంగటి తిన్నారు. వెళ్ళేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నా కోపం ఆ పిల్లల మీద కాదు. వాళ్ళను తెచ్చి, తిప్పి, పంపించే పద్ధతి మీద. వాళ్ళకు ఊరు ఎంత ఇస్తుందో ఎవరూ లెక్క రాయకపోవడం మీద.

ఒక సమావేశం ఎలా జరుగుతుందో చెబుతాను. ఇంటర్న్ టిఫిన్ చేసి జీపు ఎక్కి ఊరు చేరేసరికి పదకొండు అవుతుంది. ఆ వేళకు ఊళ్ళో ఆడవాళ్ళు ఉండరు. వేరుశనగ చేలో కలుపుకో, ఉపాధి హామీలో కందకాలు తవ్వడానికో పోయి ఉంటారు. అందుకని ముందురోజే సంఘం లీడరుకు ఫోను చేసి ఇరవై మందిని పనికి పోకుండా ఆపేదాన్ని. అవును, ఆపింది నేనే. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 300 రూపాయలు. ఒక గంట కూర్చుని మళ్ళీ పనికి పోవచ్చు కదా అంటారేమో, కుదరదు. పని జరిగే చోట పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫోటో తీసి యాప్‌లో ఎక్కించడం 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది. ఫోటోలో లేనివాళ్ళకు ఆ రోజు కూలి దక్కడం కష్టం. అంటే ఒక ఇంటర్న్ ప్రశ్నావళి కోసం ఇరవై మంది వదులుకున్నది ఆరు వేల రూపాయలు. ఎక్కడో ఐరోపాలో చదువుకుంటున్న కుర్రవాడి చదువుకు మా కరువు పల్లె ఇచ్చిన విరాళం అది. ఏ దాతల పట్టికలోనూ ఆ ఆరు వేలు కనబడవు.

ఇరవై ఏళ్ళ పిల్లవాడికి ప్లాస్టిక్ కుర్చీ వేసేవారు. అరవై ఏళ్ళ ఆమె కింద చాప మీద కూర్చుని అతణ్ణి "సార్" అని పిలిచేది. మొదట్లో ఇంటర్న్‌లు ఇబ్బందిపడి తామూ కింద కూర్చోబోయేవారు. ఊరివాళ్ళే ఒప్పుకునేవారు కాదు. మర్యాద తప్పడం వాళ్ళకు చేతకాదు. నాలుగో రోజుకు ఆ పిల్లలకు కుర్చీ అలవాటయ్యేది.

ఇక ప్రశ్నలు. ఒకసారి ఒక అమ్మాయి సాధికారత మీద ప్రశ్నావళి తెచ్చింది. "మీరు ఎంత సాధికారత సాధించారు? ఒకటి నుంచి ఐదు వరకు ఏదో ఒక అంకె చెప్పండి." ప్రభుత్వ సభల్లో వినీ వినీ సాధికారత అనే మాట మా ఆడవాళ్ళకు తెలుసు. కానీ దానికి అంకె వేయమంటే ఎవరికీ పాలుపోలేదు. చివరికి సంఘంలో పెద్దామె మొదలుపెట్టింది. 2010కి ముందు మైక్రోఫైనాన్స్ కంపెనీల వారపు కంతులు కట్టలేక తాను పడిన బాధ చెప్పింది. కంతు కట్టలేని ఇంటి ముందు మిగతా సభ్యులనే తెచ్చి కూర్చోబెట్టేవారనీ, తోటి ఆడవాళ్ళే తిడుతుంటే తలుపు మూసుకుని లోపల కూర్చున్నాననీ చెప్పింది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చాకే ఆ తాకిడి ఆగింది. ఆ తర్వాత మళ్ళీ ఎవరి దగ్గరా అలా తలవంచకూడదని సంఘం బ్యాంకు ఖాతా పుస్తకం తానే పట్టుకుని పోవడం నేర్చుకున్నానని చెప్పింది. మొదటిసారి బ్యాంకులో మేనేజరు ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నప్పుడు కాళ్ళు వణికాయనీ, అయినా లేవలేదనీ చెప్పింది. పది నిమిషాలకు పైగా మాట్లాడింది. చాప మీద కూర్చున్న ఎవరూ కదలలేదు.

ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "ఆమె అంకె ఎంత?" అని అడిగింది.

నేను "నాలుగు" అన్నాను.

అప్పటికే ఆలస్యమైంది, ఇంకా పదిహేను మందిని అడగాలి, జీపు డ్రైవరు గడియారం చూసుకుంటున్నాడు. కారణాలు ఎన్నైనా చెప్పగలను. ఆ పది నిమిషాల బతుకును ఒక్క అంకె చేసింది మాత్రం నా నోరే. ఆ నాలుగు ఇప్పుడు ఏదో విశ్వవిద్యాలయంలో ఒక పట్టికలో ఉండి ఉంటుంది. కుర్చీ లాక్కుని కూర్చున్న సంగతి అందులో లేదు.

మరుసటి ఏడాది మరో అమ్మాయి దాదాపు అవే ప్రశ్నలతో వచ్చింది. పెద్దామె నా ముఖం చూసి, "పోయినసారి వచ్చిన పిల్ల కూడా ఇదే అడిగింది కదమ్మా. ఆ పిల్లకు చెప్పినదంతా ఎక్కడికి పోయింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నేను పనిచేసిన తొమ్మిదేళ్ళలో ఆ ఒక్క ఇంటికే ఐదుగురు ఇంటర్న్‌లను తీసుకెళ్ళాను. వాళ్ళు రాసిన నివేదికల్లో ఒక్కటి కూడా ఆ ఊరికి తిరిగి రాలేదు. మా సంస్థ కార్యాలయానికి వచ్చిన ఒకటి రెండు కూడా ఇంగ్లీషులోనే బీరువాలో ఉండిపోయాయి.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళు మా జిల్లా చరిత్ర ఒకసారి చూడాలి. ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొట్టమొదట ప్రారంభించింది మా జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా జరిగింది. గ్రామసభ పనులన్నిటినీ సామాజిక తనిఖీ చేయాలని ఆ చట్టంలోని 17వ సెక్షన్ చెప్పింది. దాన్ని గట్టిగా పట్టుకుని అమలు చేసిన రాష్ట్రం మనదే. తనిఖీ బృందాలు ఇంటింటికీ వెళ్ళి, "మీ పేరు మీద ఇన్ని రోజులు పని చేసినట్టు రాసి ఉంది, నిజమేనా?" అని మస్టరు, అంటే పని హాజరు పట్టీ, చదివి వినిపించాయి. తర్వాత మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ఎదుటే అందరికీ వినిపించాయి. చదువు రాని మనిషి కూడా లేచి "అది అబద్ధం, నేను ఆ వారం ఊళ్ళోనే లేను" అని చెప్పగలిగింది. తమ గురించి రాసిన కాగితాన్ని తమకు చదివి వినిపించాలని, తప్పుంటే దిద్దాలని మా పల్లెలకు తెలుసు. ప్రభుత్వం చేతనే ఆ పని చేయించిన పల్లెలు ఇవి. అలాంటి చోటికి వచ్చి, సేవ పేరుతో, వాళ్ళ బతుకుల మీద యాభై పేజీలు రాసుకుని, ఒక్క పేజీ కూడా వినిపించకుండా వెళ్ళిపోవడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

విదేశీయులు రావద్దని నేను అనడం లేదు. అనంతపురంలో ఉండి ఆ మాట ఎవరూ అనలేరు. విన్సెంట్ ఫెర్రర్ స్పెయిన్ నుంచి 1952లో ఈ దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల మధ్య పనిచేశారు, 1968లో దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది, మళ్ళీ తిరిగొచ్చి 1969లో అనంతపురం చేరారు. 2009 జూన్‌లో ఇక్కడే కన్నుమూశారు. నలభై ఏళ్ళు. మా జిల్లాలో ఎన్నో ఇళ్ళలో దేవుడి పటాల పక్కన ఆయన ఫోటో ఉంటుంది. డబ్బు తెచ్చినందుకే అయితే అంత ప్రేమ దక్కదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు మాత్రమే వాన పడే నేల మీద, వరసగా కరువులు వచ్చిన ఏళ్ళలో కూడా ఆయన కదలలేదు. ఒక పంట పోయినప్పుడు ఉన్న మనిషి మరుసటి పంట పోయినప్పుడూ ఉన్నాడు. ఊరు గుర్తుపెట్టుకునేది దాన్ని.

అందరూ నలభై ఏళ్ళు ఉండలేరు, నిజమే. ఏడాది ఉన్న ఒక స్పానిష్ అమ్మాయి సంగతి చెబుతాను. ఫిజియోథెరపీ చదివింది. పుట్టుకతోనే మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయిన పిల్లల ఇళ్ళకు నాతో వచ్చేది. మొదటి మూడు నెలలు ఎవరికీ ఏ సలహా ఇవ్వలేదు. తల్లులు బిడ్డను ఎలా ఎత్తుకుంటున్నారో, ఎలా తినిపిస్తున్నారో చూసింది. తెలుగు అక్షరాలు నేర్చుకుంది. ఆ తర్వాత మా సంస్థలోని ఇద్దరు అమ్మాయిలను పక్కన పెట్టుకుని ప్రతి వ్యాయామం వాళ్ళ చేతులతోనే చేయించింది. ఖరీదైన పరికరాలు అడగలేదు. చుట్టిన దుప్పటి, గోనెసంచి, గోడ మూలలో కూర్చోబెట్టడానికి ఊరి వడ్రంగితో చేయించిన చిన్న కుర్చీ, అంతే. వెళ్ళే ముందు రాసిన పుస్తకాన్ని తెలుగులోకి మార్చమని నాకిచ్చి, నేను మార్చింది ఆ తల్లులకు చదివి వినిపించమని పట్టుబట్టింది. ఇద్దరు తల్లులు తప్పులు చెప్పారు. ఆమె దిద్దుకుంది. ఆ ఇద్దరు అమ్మాయిలు ఇవాళ్టికీ ఆ పని చేస్తున్నారు. ఆమె పేరు అడిగితే ఊరివాళ్ళు చెప్పలేకపోవచ్చు, పని మాత్రం ఆగలేదు.

ఇక సంస్థల సంగతి. ఇంటర్న్‌లను ఎందుకు కాదనలేవో నాకు తెలుసు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడాన్ని పూర్తిగా ఆపేసింది. పెద్ద సంస్థల ద్వారా నిధులు అందుకుంటూ పనిచేసిన చిన్న సంస్థలకు దారి మూసుకుపోయింది. అలాంటప్పుడు ఇవాళ ఇంటర్న్‌గా వచ్చిన పిల్లవాడు రేపు దాత అవుతాడనే ఆశ కలగడం సహజం. ఆ ఆశతోనే మేము జీపు పంపాం, భోజనం పెట్టాం, ఇద్దరు ఉద్యోగుల పని మానిపించి వెంట తిప్పాం. కానీ సంస్థ ఆశకు మూల్యం చెల్లించేది చాప మీద కూర్చున్న ఆడవాళ్ళు కావడం ఏ న్యాయం?

ఫోటోల గురించి ఎక్కువ రాయను. ముక్కు కారుతున్న పిల్లను ఎత్తుకుని తీసుకునే ఫోటో ఆ పిల్ల తల్లికి చూపించగలరా అని అడిగితే చాలు. జహీరాబాద్ దగ్గర దళిత మహిళలు, బడి ముఖం చూడనివాళ్ళు, కెమెరా పట్టడం నేర్చుకుని తమ పంటల మీద తామే సినిమాలు తీశారు. 2008 నుంచి మాచ్‌నూర్‌లో సొంతంగా సంఘం రేడియో నడిపారు. మన పల్లెల కథ చెప్పడానికి బయటి నుంచి గొంతు తెచ్చుకోవాల్సిన అవసరం లేదని అంతకంటే గట్టిగా ఎవరు నిరూపించాలి?

వదినకు నిన్న మళ్ళీ ఫోను చేశాను. పిల్లవాణ్ణి రావద్దనలేదు. ఈ సెలవుల్లో మా ఇంటికి పంపించు, ఏ సంస్థా వద్దు, సర్టిఫికెట్టూ వద్దు అన్నాను. ముందు తెలుగు చదవడం నేర్పించు. వాడికి మాట్లాడడం వచ్చు, అది సగం బలం. తన తాత పుట్టిన జిల్లాలో మనిషి మాట దుబాసీ లేకుండా వినగలిగే అదృష్టం ఆ స్పానిష్ అమ్మాయికి లేదు, వీడికి ఉంది. డిగ్రీ అయ్యాక నిజంగా పని చేయాలనిపిస్తే కనీసం ఆరు నెలలకు రమ్మను, చేతిలో ఒక విద్య పట్టుకుని రమ్మను. సమావేశం పెడితే సాయంత్రం పనుల నుంచి వచ్చాక పెట్టాలి. పగలు పెడితే వచ్చిన ప్రతి మనిషికి ఆ రోజు కూలి ఇవ్వాలి. ఆ ఖర్చు తన విమానం టికెట్టుతో పాటే లెక్క వేసుకోవాలి. రాసిన ప్రతి కాగితం ఊళ్ళో చదివి వినిపించి, దిద్దుకుని, అప్పుడే తన కాలేజీకి ఇవ్వాలి. వదిన ఆలోచిస్తానంది.

చివరిగా ఒక అభ్యర్థన. అనంతపురం, సత్యసాయి జిల్లాల పల్లెల్లో మీరు గానీ, మీ పిల్లలు గానీ, మీ స్నేహితులు గానీ ఇంటర్న్‌షిప్ చేసి ఉంటే, అప్పుడు రాసిన నివేదిక మీ కంప్యూటర్‌లో ఎక్కడో ఉండే ఉంటుంది. అది ఏ ఊరిదైనా సరే, ఎంత పాతదైనా సరే, ఏ భాషలో ఉన్నా సరే, దయచేసి నాకు పంపండి. ఇంగ్లీషు అయితే నేనే తెలుగు చేస్తాను, స్పానిష్ అయితే తెలిసినవాళ్ళ సాయం తీసుకుంటాను. ఆ ఊరి సంఘం కూర్చున్న రోజు సాయంత్రం వెళ్ళి, మొదటి పేజీ నుంచి చదివి వినిపిస్తాను. ఆ పెద్దామె ఊరికి సంబంధించినది ఎవరి దగ్గరైనా ఉంటే అన్నిటికంటే ముందు అది పంపండి. ఆమెకు ఇప్పుడు డెబ్బై దాటాయి.