రాసుకుపూసుకు తిరిగినా రానివ్వదు

చర్మానికి రాసే మందులు తయారుచేసే పనిలో ఉన్న నేను, చర్మం మీద క్రమశిక్షణ చర్య తీసుకోవాలని కోరుతూ ఈ వ్యాసం రాస్తున్నాను. ఆరోపణ ఒక్కటే. ఎంత మంచి మందు తీసుకెళ్లి గుమ్మం ముందు నిలబెట్టినా లోపలికి రానివ్వదు. నోరు అలా కాదు, ఏది వేసినా మింగుతుంది. రక్తనాళం సూది చూపిస్తే చాలు దారిస్తుంది. చర్మం దగ్గర మాత్రం ఎప్పుడూ ఒకటే ప్రశ్న: ఎవరు మీరు, ఎందుకొచ్చారు?

పోనీ, కాపలా కాసేవాళ్లేమైనా మొనగాళ్లా అంటే అదీ కాదు. అన్నిటికన్నా పైన ఉండే స్ట్రాటమ్ కార్నియం పొర మందం మామూలు చోట్ల 10 నుంచి 20 మైక్రోమీటర్లు. మనం రాసుకునే కాగితం ఇంతకు ఎన్నో రెట్లు మందం. ఎదుటివాణ్ని తోలుమందం అని తిట్టేవాళ్లు ఇకనుంచి కొలత చూసుకుని తిట్టాలి. పైగా ఆ పొరలో ఉన్నవన్నీ చచ్చిన కణాలే. పదిహేను ఇరవై వరసల్లో ఇటుకల్లా పేర్చినట్టు ఉంటాయి. సందుల్లో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలతో మెత్తిన అడుసు. "చచ్చినా రానివ్వను" అన్న మాటను ఇంత నిజాయితీగా నిలబెట్టుకునే ఉద్యోగుల్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

వీళ్లకో రూలు కూడా ఉంది. అణువు బరువు 500 డాల్టన్లు (అణువుల్ని తూచే కొలత అది) దాటితే ప్రవేశం కష్టమని 2000లో బాస్, మైనార్డీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తేల్చి చెప్పారు. దురద, వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు హైడ్రోకార్టిసోన్ 362 డాల్టన్లు కాబట్టి ఎలాగో దూరిపోతుంది. ఇన్సులిన్ దాదాపు 5,800, బయటే నిలబడుతుంది. ఇక ముడతలు పోగొడతానంటూ డబ్బాల మీద మెరిసే కొలాజెన్ సుమారు మూడు లక్షలు. అది గుమ్మంలో కూర్చుని నాలుగు నీటి చుక్కలు పట్టి ఉంచుతుంది, అంతే. లోపలికి వెళ్లి ముడతలు సరిచేసిందన్నది డబ్బా మీద రాసినవాడి నమ్మకం.

బరువు తగ్గించుకుంటే సరిపోతుందా? సరిపోదు. పూర్తిగా నీళ్లలో కరిగే మందు కొవ్వు అడుసు దాటలేదు. పూర్తిగా నూనెలో కరిగేది ఆ అడుసులోనే కాపురం పెట్టేస్తుంది, కిందికి దిగదు. అటూ ఇటూ కాస్త కాస్త కరగాలి. అంటే గోడ మీద పిల్లి లాంటివాళ్లకే ఇక్కడ ఎంట్రీ. ఇది న్యాయమా?

పక్షపాతం సంగతి చెబితే ఇంకా బాధగా ఉంటుంది. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ ఒకే హైడ్రోకార్టిసోన్‌ను ఒంట్లో రకరకాల చోట్ల రాసి ఎంత లోపలికి పోయిందో లెక్కగట్టారు. ముంజేతిని ఒకటి అనుకుంటే అరికాలు అందులో ఏడో వంతే. నుదురు ఆరు రెట్లు. మొహానికి మొహమాటం ఎక్కువని భాష ముందే పసిగట్టింది, సైన్సే ఆలస్యంగా వచ్చింది. ఒక చోట మాత్రం ఏకంగా 42 రెట్లు. ఇంటిల్లిపాదీ చదివే వ్యాసం కాబట్టి దాని పేరు వృషణాల సంచీ అని మాత్రం చెప్పి ఊరుకుంటాను. ముంజేతికి రాసుకోమన్న మందును ఊరికే కనబడ్డ చోటల్లా పులుముకునేవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదువుకోవాలి.

చర్మాన్ని ఇన్ని మాటలన్నాక క్రీమును వెనకేసుకురావాలి కదా. అక్కడా నాకు తలవంపులే. క్రీమంటే నూనె, నీళ్లు. ఉప్పూ నిప్పూ లాంటి ఈ ఇద్దర్నీ వేరువేరుగా 70 డిగ్రీల పైకి వేడిచేసి, ఎమల్సిఫైయర్ అనే మధ్యవర్తిని మధ్యలో పెట్టి, హోమోజినైజర్‌తో గిరగిరా తిప్పి కలుపుతాం. చల్లారాక చూస్తే వెన్నముద్దే. ఫొటో తీసుకుంటాం. తర్వాత అది ఎన్నాళ్లు చెడకుండా నిలుస్తుందో చూడ్డానికి 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న చాంబర్‌లో ఆరు నెలలు ఉంచుతాం. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని పెద్దలన్నారు. మా నూనె, నీళ్లు ఆ మాట వినలేదు. మూడో నెలలో మూత తీస్తే పైన పల్చటి నీళ్లు, కింద గడ్డ.

మందు బుద్ధి ఇంకో రకం. క్రీములో బాగా కరిగి హాయిగా ఉన్న మందు బయటికి కదలదు, ఇల్లరికపు అల్లుడిలా. దాన్ని చర్మంలోకి తోలాలంటే క్రీములో కాస్త ఇరుకుగా ఉండాలి, అంటే ఇక కరగలేననే హద్దుకు దగ్గరగా ఉంచాలి. మరీ ఇరుకు చేస్తే అలిగి స్ఫటికాలు కట్టి, వేలికి ఇసకలా గరగరా తగులుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న సన్నటి దారిని వెతకడమే ఫార్ములేషన్. జీతం ఇచ్చేది దీనికే.

ఇంత చేసి ట్యూబులో నింపి పంపిస్తే వాడేవాళ్లు వేసే పరీక్ష ఒక్కటే: జిడ్డుగా ఉందా లేదా? రాసిన నిమిషానికి మాయమైతే "అబ్బ, భలే ఇంకిపోయింది" అంటారు. ఇంకలేదు బాబూ, ఆవిరైంది. చాలా క్రీముల్లో సగానికి పైగా ఉండేది నీళ్లే. అవి గాల్లోకి పోయాయి. మందులో ఎక్కువ భాగం ఇంకా పైనే ఉంది, కాసేపట్లో చొక్కాకి అంటుకుంటుంది. జిడ్డుగా, జిగటగా, ఎవరికీ నచ్చని పారఫిన్ ఆయింట్‌మెంట్ మాత్రం పైన మూతలా కూర్చుని చర్మంలో తేమను బయటికి పోనివ్వదు. తడిసిన పొర కాస్త మెత్తబడి దారిస్తుంది. జిడ్డులా పట్టుకుంటేనే పని అవుతుందని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆ జిడ్డును ఎవరూ రెండోసారి రాసుకోరు, ట్యూబులో ఉండిపోయిన మందు ఎంత గొప్పదైనా తామర తగ్గదు. కాబట్టి తక్కువ పనిచేసే క్రీమును ఎక్కువమంది ఇష్టంగా రాసుకునేలా చేయడమే మేము సాధించిన ప్రగతి.

పరీక్షలకు వద్దాం. స్టెరాయిడ్ క్రీములకైతే సుఖం. 1962లో మెకెంజీ, స్టౌటన్ చూపించిన పద్ధతి ఉంది: మందు లోపలికి పోతే రక్తనాళాలు ముడుచుకుని అక్కడ చర్మం పాలిపోతుంది. అంటే చర్మం తెల్లబోతే మనం గెలిచినట్టు. ఇంకోటి టేప్ స్ట్రిప్పింగ్. క్రీము రాసిన చోట టేపు అంటించి పీకడం, మళ్లీ అంటించి మళ్లీ పీకడం, అలా పదిహేను ఇరవై సార్లు పొరలు పొరలుగా లాగి ఏ పొరలో ఎంత మందుందో లెక్కపెట్టడం. చర్మం ఒలుస్తానని బెదిరించేవాళ్లనే చూశాం ఇన్నాళ్లూ, ఒలిచి రిపోర్టు రాసేవాళ్లం మేమే.

మిగతా మందులకి దిక్కు ఫ్రాంజ్ సెల్. 1975లో థామస్ ఫ్రాంజ్ వెలుగులోకి తెచ్చిన గాజు పాత్ర. పైన చిన్న గది, కింద గది, మధ్యలో చర్మం ముక్క. పైన క్రీము రాసి, కింద ఆమ్లగుణం మారకుండా చూసే బఫర్ ద్రావణం పోసి, చర్మం పైభాగం 32 డిగ్రీలుండేలా చూసుకుంటూ, గంటగంటకీ పక్క గొట్టంలోంచి శాంపిల్ లాగాలి. మనిషి చర్మం దొరకడం కష్టం కాబట్టి దానికి దగ్గరగా ఉండే పంది చెవి చర్మం వాడతారు. అలా మా మొర పంది చెవిన కూడా వేసి చూశాం.

ఆరు సెల్స్ పెట్టాను. చర్మం కింద ఒక్క గాలి బుడగ ఉంటే చాలు, అంత మేరా మందు ద్రావణానికి తగలదు, లెక్క తప్పు. అందుకని రాత్రి రెండింటికి సెల్‌ని పక్కకి వంచి, వేలిగోటితో గాజుని టిక్ టిక్ మని కొడుతూ, బియ్యపు గింజంత బుడగని బతిమాలుతూ కూర్చున్నాను. అది గొట్టం దాకా వచ్చి మళ్లీ వెనక్కి పోయింది. నాలుగోసారికి వచ్చింది. ఇరవై నాలుగు గంటలయ్యాక శాంపిల్స్ అన్నీ హెచ్‌పీఎల్‌సీకి, అంటే ద్రావణంలో మందు ఎంతుందో గీత గీసి చూపించే యంత్రానికి ఎక్కించాను. ఐదు సెల్స్‌లో గీత నిద్రపోయినట్టు చదునుగా ఉంది. ఆరోదానిలో పీక్ గోపురంలా లేచింది.

పరిగెత్తుకెళ్లి మా సార్‌కి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని ఒకటే అడిగారు.

"మొదలుపెట్టే ముందు చర్మం ఇంటెగ్రిటీ టెస్ట్ చేశావా?"

"టైం లేదు సార్."

సెల్ విప్పి చర్మాన్ని లైటుకి ఎదురుగా పట్టుకున్నారు. మధ్యలో చిన్న చిల్లు, వెంట్రుక ఊడిన చోటో నా ఫోర్సెప్స్ గుచ్చుకున్న చోటో.

ఆ చిల్లుని ఫార్ములాలో ఒక పదార్థంగా చేర్చి పేటెంటుకి పెడదామని వారం రోజులు సీరియస్‌గా ఆలోచించాను. తర్వాత తెలిసింది, మిల్లీమీటరు కన్నా పొట్టి సూదులతో ఆ పైపొరకి వరసగా చిల్లులు పెట్టి మందు పంపే పద్ధతి ఎప్పుడో వచ్చేసిందట. మైక్రోనీడిల్స్ అని మంచి పేరు కూడా పెట్టుకున్నారు.